దొంగ ఇతనే అయ్యుండాలి

లింగాలవలసలో ఉన్న తెలివంతా తమ ఇంట్లోనే ఉందని పోలమ్మకి గట్టి నమ్మకం. మిగతా ఊరికి అది దక్కలేదని ఆవిడ జాలిపడేది కూడా. "వాళ్ళు ఒకటంటారు, ఇంకోటి అనుకుంటారు. మనం అలా కాదు. మాట ఎలా ఉంటే అర్థం అలాగే ఉంటుంది. అంతకు మించి వెతికితే బుర్ర పాడవుతుంది" అని కొడుకులిద్దరికీ చిన్నప్పట్నుంచీ నూరిపోసింది.

పెద్దకొడుకు తవిటయ్య, చిన్నవాడు అసిరయ్య. తవిటయ్యకి పిల్ల కోసం పోలమ్మ తొమ్మిది ఊళ్ళు తిరిగింది. పదో ఊళ్ళో సీతాలు కనిపించింది. "వంట వచ్చా అమ్మా?" అని అడిగితే, సీతాలు గుమ్మం దాకా వెళ్ళి వీధిలోకి తొంగిచూసి, "ఇంకా రాలేదండీ, వస్తే పిలుస్తాను" అంది. ఇంకేముంది, అక్కడికక్కడే తాంబూలాలు పుచ్చేసుకున్నారు.

పెళ్ళిలో పెద్దలు అక్షింతలు వేసి "చల్లగా ఉండండి" అన్నారు. అంతే, కొత్త దంపతులిద్దరూ వారం రోజులు తడిబట్టలతో కూర్చున్నారు. ముక్కులు కారాయి, గొంతులు పోయాయి. పోలమ్మ మాత్రం పొంగిపోయింది. "మా పిల్లలు పెద్దల మాట జవదాటరు" అని ఎదురింటికీ పక్కింటికీ వెళ్ళి చెప్పొచ్చింది.

పక్కింటి బంగారయ్య ఒకనాడు ఆకాశం వంక చూసి, "అత్తా, సాయంత్రం వాన పడొచ్చు" అన్నాడు.

"పడొచ్చు, మాకేం అభ్యంతరం లేదు" అంది పోలమ్మ.

వాన పడలేదు. "నువ్వూ ఒప్పుకున్నావు, నేనూ ఒప్పుకున్నాను. అయినా పడలేదంటే ఇక దాని ఇష్టం" అంది. బంగారయ్య లోపలికి వెళ్ళిపోయాడు. అతను ఆ ఇంటి పక్కన పదిహేనేళ్ళుగా ఉంటున్నాడు మరి.

అన్నదమ్ములిద్దరికీ పారినాయుడు గారి బెల్లం గానుగ దగ్గర కాపలా పని. చెరకు ఆడే రోజులు. పెద్ద పెనంలో పాకం కాచి, అచ్చుల్లో పోసి, ఆరిన దిమ్మలు పక్కనున్న కొట్టులో పేర్చేవారు. ఆ కొట్టులోంచి రోజూ రెండేసి దిమ్మలు మాయమవుతున్నాయి. నాయుడు గారికి కోపం వచ్చింది. అన్నదమ్ముల్ని పిలిచి, "కొత్తమనిషి ఎవడైనా కొట్టు దగ్గరికి వస్తే పట్టుకోండి" అన్నారు.

"గట్టిగానా, మెల్లిగానా అండీ?" అని అడిగాడు అసిరయ్య.

"గట్టిగానే."

వారం గడిచింది. కొత్తమనిషి ఎవడూ రాలేదు, బెల్లం మాత్రం పోతూనే ఉంది. ఎనిమిదో రోజు పొద్దున్న గురవయ్య వచ్చాడు.

గురవయ్య ఇత్తడి గిన్నెలకి కళాయి వేసేవాడు. బొగ్గులూ, తిత్తీ, తగరం ముక్కలూ మూటగట్టుకుని ఊరూరా తిరిగేవాడు. నెమ్మదైన మనిషి. ఎవరి గిన్నె వాళ్ళకి అప్పజెప్పేటప్పుడు లోపల తన మొహం చూసుకుని, బాగా కనిపిస్తేనే ఇచ్చేవాడు. లింగాలవలసకి రావడం అదే మొదటిసారి. దాహం వేసి, గానుగ పక్కన నీళ్ళకుండ చూసి అటు నడిచాడు. అంతే, తవిటయ్య ఒక కాలు పట్టుకున్నాడు, అసిరయ్య ఇంకో కాలు పట్టుకున్నాడు. గురవయ్య చేతిలో తిత్తితో సహా నిటారుగా నిలబడిపోయాడు. ముందుకి పడదామన్నా వీల్లేదు, వెనక్కి పడదామన్నా వీల్లేదు.

కబురందుకుని నాయుడు గారు వచ్చారు. గురవయ్యని కిందనుంచి పైదాకా చూశారు. మొహం నిండా మసి, గోళ్ళ నిండా బొగ్గు.

"దొంగ ఇతనే అయ్యుండాలి" అన్నారు.

"బాబూ, నేను దొంగను కాదు" అన్నాడు గురవయ్య. "మా ఆవిడకి నెలలు నిండాయి. పెళ్ళయిన పదకొండేళ్ళకి కడుపు పండింది. ఇవాళ పొద్దుగూకేలోగా ఇంటికి చేరాలి. నన్ను వదిలెయ్యండి."

నాయుడు గారు చెడ్డవారు కాదు. కానీ ఎనిమిది రోజుల బెల్లం ఆయన కళ్ళముందు కదలాడుతోంది. "నువ్వు చెప్పేది నిజమూ అయ్యుండొచ్చు, అబద్ధమూ అయ్యుండొచ్చు. పెద్దలంతా సంతకెళ్ళారు. సాయంత్రం వాళ్ళు రాగానే ఇక్కడే తేల్చేద్దాం" అని, అన్నదమ్ముల వైపు తిరిగి, "అంతవరకూ ఇతను మీ దగ్గరే ఉండాలి. కాలు బయట పెట్టకూడదు. మధ్యాహ్నం ఇంత అన్నం పెట్టొచ్చు" అని చెప్పి వెళ్ళిపోయారు.

"చూశావా అన్నా, ఎంత మంచి మనసో" అన్నాడు అసిరయ్య. "నిజమూ అవ్వొచ్చన్నారు, అబద్ధమూ అవ్వొచ్చన్నారు. రెండిట్నీ కాదనలేదు."

అలా గురవయ్యని ఇంటికి తీసుకొచ్చి నులకమంచం మీద కూర్చోబెట్టారు. గురవయ్యకి నోరెండిపోతోంది. పొద్దున్న వేసిన దాహం ఇంకా తీరనేలేదు కదా.

"అమ్మా, కాసిని మంచినీళ్ళు ఇస్తారా?" అన్నాడు.

"ఇస్తాం" అంది పోలమ్మ. అని, చింతకాయలు ఒలుచుకుంటూ కూర్చుంది.

గురవయ్య కాసేపు చూశాడు. "ఇవ్వగలరా అమ్మా?"

"ఎందుకివ్వలేం నాయనా. కుండ నిండా ఉన్నాయి. నా చేతులు రెండూ బాగానే ఉన్నాయి."

"ఇస్తే తాగుతాను."

"ఇస్తే తాగక పారబోస్తావా" అంది పోలమ్మ.

గురవయ్య కళ్ళు మూసుకుని, "నీళ్ళు ఇవ్వండి" అన్నాడు. పోలమ్మ చటుక్కున లేచి చెంబు నిండా నీళ్ళు తెచ్చి ఇచ్చింది. "అలా అడగాలి. ఇందాకట్నుంచీ ఊరికే ప్రశ్నలేస్తున్నావు, ఏం కావాలో చెప్పకుండా" అంది.

సీతాలు విస్తరేసి అన్నం పెట్టింది. గురవయ్య చెయ్యి పెట్టబోయాడు. అసిరయ్య ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"నాయుడు గారు పెట్టొచ్చన్నారు. తినొచ్చని అన్లేదు."

"పెట్టేది తినడానికే కదయ్యా" అన్నాడు గురవయ్య.

ఇంకేముంది, ఇంటిల్లిపాదీ ఆలోచనలో పడ్డారు. తినొచ్చని అన్లేదు, నిజమే. తినకూడదని మాత్రం అన్నారా అంది సీతాలు. అన్లేదు, కానీ అనలేదంటే ఒప్పుకున్నట్టా, మర్చిపోయినట్టా అన్నాడు తవిటయ్య. నాయుడు గారు మర్చిపోయే మనిషి కాదంది పోలమ్మ. అలా వాళ్ళు ఒకరి మీద ఒకరు చేతులూపుకుంటూ వాదించుకుంటుంటే, గురవయ్య ఎడంచేత్తో అసిరయ్య పట్టు విడిపించుకుని విస్తరి ఖాళీ చేశాడు. మజ్జిగ కూడా తనే పోసుకున్నాడు. వాదన అయ్యేసరికి అన్నం లేదు. "సరే, తేలిపోయింది" అంది పోలమ్మ.

అప్పుడు తవిటయ్య గురవయ్య ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు. ఇంటి పెద్దకొడుకు కదా, సంగతి కనుక్కోవాలి.

"నువ్వు దొంగవేనా?"

"కాదయ్యా. పొద్దున్నే చెప్పాను కదా."

తవిటయ్య మొహం వాడిపోయింది. "అదేంటి అలా అంటావు? దొంగ నువ్వే అయ్యుండాలన్నారు నాయుడు గారు."

"ఆయన అలా అనుకున్నారు."

"ఉండాలి అన్నారు. పొద్దున్నే లేవాలి అంటే లేస్తాం. చెరకు నరకాలి అంటే నరుకుతాం. నువ్వేమో దొంగ అయ్యుండాలంటే కాలేదంటున్నావు. సాయంత్రం పెద్దలొచ్చి అడిగితే మేం ఏం చెప్పాలి? మా దగ్గర ఉంచితే కూడా కాలేకపోయాడంటే మాకెంత నామర్దా?"

గురవయ్య తల పట్టుకున్నాడు. అది చూసి పోలమ్మకి జాలేసింది.

"ఒరే, అతన్ని కసరకండిరా. ఎవరూ నేర్పి ఉండరు. ఇంకా సగం పొద్దుంది కదా, మనం నేర్పుదాం" అంది.

అంతే, ఇంట్లో పాఠం మొదలైంది. సీతాలు ఇత్తడి చెంబు తెచ్చి గూట్లో పెట్టింది. "అన్నా, ఇది మాది. నువ్వు తీసుకోవాలి. మేం చూడకూడదు" అని చెప్పి మొహానికి కొంగు కప్పుకుంది. నలుగురూ గోడవైపు తిరిగి నిలబడ్డారు.

కొంతసేపటికి "అయ్యిందా?" అన్నాడు అసిరయ్య.

"ఇదుగో చూడండి" అన్నాడు గురవయ్య. తిరిగి చూస్తే అతను చెంబు ఒళ్ళో పెట్టుకుని చింతపండుతో తోముతున్నాడు. "అడుగున కళాయి పోయింది. ఇలాంటి దాంట్లో మజ్జిగ పోయకండమ్మా, చిలుమొస్తుంది. ఊరకే కూర్చోలేక తోముతున్నాను."

"ఇతని వల్ల కాదు" అన్నాడు తవిటయ్య దిగులుగా.

"ఇంట్లో నేర్చుకుంటే వస్తుందా" అంది పోలమ్మ. "ఈత నేర్చుకోవాలంటే నీళ్ళలో దిగాలి. బెల్లం దొంగ అవ్వాలంటే బెల్లం కొట్టుకే వెళ్ళాలి."

"కాలు బయట పెట్టకూడదు కదమ్మా" అన్నాడు అసిరయ్య.

"బయట పెట్టద్దు. మంచం మీదే పెట్టమను."

ఆ మాటకి కొడుకులిద్దరూ తల్లిని తలెత్తి చూశారు. ఇంత తెలివి ఆవిడకి ఎక్కడ పట్టిందో అనిపించింది. మంచాన్ని గురవయ్యతో సహా ఎత్తారు. ముందు తవిటయ్య, వెనక అసిరయ్య, పక్కన పోలమ్మ, ఆ వెనక సీతాలు. గురవయ్య లేచి దూకుదామంటే "కాలు, కాలు" అని సీతాలు కాళ్ళు లోపలికి తోసేసేది. చివరికి అతను పడుకుని, తలమీద తుండు కప్పుకున్నాడు. ఎవరైనా ఎరిగినవాళ్ళు చూస్తారేమోనని సిగ్గు.

బంగారయ్య అరుగుమీంచి కంగారుగా దిగి వచ్చాడు. "అత్తా, ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు. అందరం వెళ్తున్నాం" అంది పోలమ్మ.

"ఎక్కడికి?"

"దొంగతనానికి."

బంగారయ్య మంచం మీద తుండు కొద్దిగా పైకెత్తి చూశాడు. కింద గురవయ్య చేతులు జోడించాడు. బంగారయ్య తుండు మళ్ళీ కప్పేశాడు. కానీ ఇంట్లోకి వెళ్ళలేదు. ఏం చేస్తారో చూద్దామని దూరంగా వెనకాలే నడిచాడు.

మిట్టమధ్యాహ్నం. గానుగ ఆగి ఉంది. కూలీలంతా భోజనాలకి వెళ్ళారు. మంచం కొట్టు ముందు దించేసరికి లోపల్నుంచి సూరిబాబు బయటికొస్తున్నాడు. సూరిబాబు నాయుడు గారి బావమరిది. అక్కగారింటికి చుట్టపుచూపుగా వచ్చి మూడు నెలలైంది. ఒక్కో చంకలో ఒక్కో బెల్లం దిమ్మ, పైన పట్టు కండువా.

"బాబూ, కాస్త ఆగండి" అన్నాడు తవిటయ్య వినయంగా. "ఇవాళ్టికి మీరు తీసుకోకూడదు."

సూరిబాబు మొహంలో నెత్తురు లేదు. "ఏంటి తీసుకోకూడదు?"

"బెల్లం అండీ. రోజూ మీరే పట్టుకెళ్తున్నారు, మేమేమైనా అన్నామా? నిన్న మీ కండువా జారిపోతే మా తమ్ముడే సర్దాడు. కానీ ఇవాళ దొంగ ఇతను అయ్యుండాలని నాయుడు గారు చెప్పారు. ఒక పనికి ఇద్దరెందుకు? అతనికి ఇవ్వండి."

అని, సూరిబాబు చంకలోంచి దిమ్మలు రెండూ తీసి గురవయ్య ఒళ్ళో పెట్టాడు. గురవయ్య తుండు తొలగించి ఆ దిమ్మల్ని చూశాడు, సూరిబాబుని చూశాడు. అప్పుడు అతనికి సంగతంతా అర్థమైంది. అర్థమైనా ఏం లాభం. పట్టు కండువా కప్పుకున్న బావమరిది మాటకీ, మసి పట్టిన కళాయివాడి మాటకీ తూకం ఎటు మొగ్గుతుందో అతనికి తెలుసు. దిమ్మల మీద చేతులు వేసి అలాగే కూర్చుండిపోయాడు.

సూరిబాబు కండువాతో చెమట తుడుచుకుని, గొంతు తగ్గించి, "చూడండి. నేను బెల్లం పట్టుకెళ్ళే సంగతి ఎవరికీ చెప్పకూడదు. తెలిసిందా?" అన్నాడు.

"తెలిసిందండి. చెప్పకూడదు" అన్నాడు తవిటయ్య.

"ఎవరు అడిగినా చెప్పకూడదు."

"అస్సలు చెప్పం."

సూరిబాబు కుదుటపడి, ఉత్తి చేతులతో వెళ్ళిపోయాడు. పోతూ పోతూ గురవయ్య వంక చూసి నవ్వాడు కూడా.

పొద్దు వాలుతుండగా పెద్దలు సంతనుంచి వచ్చారు. గానుగ ముందు చాపలు పరిచారు. నాయుడు గారు మధ్యలో కూర్చున్నారు, సూరిబాబు ఆయన వెనక తమలపాకులు నములుతూ నిలబడ్డాడు. ఊళ్ళోవాళ్ళు చుట్టూ మూగారు. మంచం మీద గురవయ్య, అతని ఒళ్ళో రెండు దిమ్మలు.

"ఇదిగో, సరుకుతో సహా దొరికాడు" అన్నారు నాయుడు గారు. "ఏరా తవిటయ్యా, ఒప్పుకున్నాడా?"

"ఎక్కడొప్పుకున్నాడండీ. పొద్దున్న అస్సలు దొంగ కాడు. మీరు అయ్యుండాలన్నారని మేమే కష్టపడ్డాం. ఇంట్లో చెంబు పెట్టి నేర్పితే తోమి ఇచ్చాడు. మధ్యాహ్నం మంచం మీద మోసుకొచ్చి, దిమ్మలు ఒళ్ళో పెడితే అప్పటికి అయ్యాడు. మీరు కాస్త ముందే చెప్పుంటే ఇంకా బాగా అయ్యుండేవాడు."

పెద్దలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నాయుడు గారు ముందుకి వంగారు. "ఒళ్ళో ఎవరు పెట్టారు?"

"నేనేనండి."

"నీకెక్కడివి?"

తవిటయ్య నోరు తెరిచి, మూసేసి, తల అడ్డంగా ఊపాడు. "ఆ సంగతి చెప్పకూడదండీ."

"ఏ సంగతి?"

"సూరిబాబు గారు రోజూ బెల్లం పట్టుకెళ్ళే సంగతి. అది ఎవరు అడిగినా చెప్పకూడదన్నారు."

"అవునండీ" అన్నాడు అసిరయ్య. "కండువా కింద రెండు దిమ్మలు పెట్టుకెళ్తారని కూడా చెప్పకూడదు. మా అన్న చెప్పడు. నేనూ చెప్పను."

బంగారయ్య గుంపులోంచి ముందుకొచ్చాడు. "వీళ్ళు చెప్పకపోతే నేను చెప్తాను. మధ్యాహ్నం నా కళ్ళతో చూశాను" అన్నాడు.

ఇంకేముంది, సూరిబాబు నోట్లో ఆకులు నోట్లోనే ఉండిపోయాయి. నాయుడు గారు వెనక్కి తిరిగి చూడనైనా చూడలేదు. అన్నదమ్ముల వైపు తిరిగారు. "వారం రోజులుగా కాపలా ఉన్నారు కదరా. నాతో ఒక్క ముక్క అనలేకపోయారా?" అన్నారు.

"కొత్తమనిషి వస్తే పట్టుకోమన్నారండీ" అన్నాడు అసిరయ్య. "ఈయన పాతమనిషే కదా. మూడు నెలలైంది వచ్చి."

సూరిబాబు మర్నాడే మూట సర్దుకుని తన ఊరికి బయల్దేరాడు. అక్కగారు గుమ్మం దాకా కూడా రాలేదని తర్వాత చెప్పుకున్నారు. ఆ సాయంత్రం మాత్రం నాయుడు గారు తానే లేచి, గురవయ్యని చెయ్యిపట్టి మంచం మీంచి దింపారు. పదిమంది ముందూ నింద వేశారు కనక పదిమంది ముందే తల వంచారు.

"తొందరపడ్డాను. ఏమీ అనుకోకు గురవయ్యా" అన్నారు. ఆ రెండు దిమ్మలూ అతని మూటలోనే పెట్టించారు. అన్నదమ్ములతో, "ఇతన్ని ఇంటిదాకా చేర్చి రండి" అన్నారు.

అంతే, ముగ్గురూ బయల్దేరారు. రెండు కోసుల దారి. గురవయ్య వడివడిగా నడుస్తున్నాడు. అసిరయ్య అతనికి ఎదురుగా వెనక్కి వెనక్కి నడుస్తూ, కళ్ళార్పకుండా మొహంలోకి చూస్తున్నాడు.

"ఎందుకయ్యా అలా చూస్తావు?" అన్నాడు గురవయ్య.

"నువ్వు ఏమీ అనుకోకూడదు కదా. అనుకుంటున్నావేమోనని."

"ఏమీ అనుకోవట్లేదు."

"ఏమీ అనుకోవట్లేదని అనుకుంటున్నావు" అన్నాడు తవిటయ్య పక్కనుంచి. "నాకు కనిపిస్తోంది."

గురవయ్య ఇంకో నాలుగడుగులు వేసి, గట్టు మీద కూలబడిపోయాడు. పొద్దున్నుంచీ బిగబట్టుకున్నదంతా ఒక్కసారిగా కళ్ళలోకి వచ్చింది. "అనుకోకుండా ఎలా ఉంటానయ్యా. పొద్దున్న వచ్చేటప్పుడే దానికి నడుం నొప్పి. ఇంట్లో ముసలి అత్త తప్ప ఎవరూ లేరు. పదకొండేళ్ళు. ఏమైందో, ఎలా ఉందో. ఏమైనా అయితే" అని, ఆగిపోయాడు.

అన్నదమ్ములు అతనికి చెరోపక్కా కూర్చున్నారు. ఏం చెయ్యాలో తోచలేదు. అతను అనుకోకూడదు, అనుకోకుండా ఉండలేడు. తవిటయ్య చాలాసేపు బుర్ర గోక్కున్నాడు.

"నువ్వు అనుకోకు. నీ బదులు మేం అనుకుంటాం. మమ్మల్ని ఎవరూ వద్దన్లేదు" అన్నాడు.

"ఏమని అనుకుంటారు?"

"తల్లీ బిడ్డా క్షేమంగా ఉండాలి అని."

"ఉండాలి" అన్నాడు అసిరయ్య.

"ఉండాలి అన్నాక ఉండి తీరాలి కదా. ఇక లే" అన్నాడు తవిటయ్య. గురవయ్య తుండుతో మొహం తుడుచుకున్నాడు. మసి కాస్తా చెవులదాకా పాకింది. ఆ మాటలో ఏముందో గానీ అతని కాళ్ళకి బలం వచ్చింది. లేచి, పరుగులాంటి నడకతో మిగతా దారి ముగించాడు. దారిపొడుగునా అన్నదమ్ములు అతని బదులు గట్టిగా, ఒకరి తర్వాత ఒకరు, అనుకుంటూనే ఉన్నారు.

గుమ్మంలో దీపం పెట్టే వేళకి చేరారు. లోపల్నుంచి పసిగొంతు వినిపించింది. గురవయ్య అక్కడే నిలబడిపోయాడు. అత్త రత్తమ్మ బయటికొచ్చి, "ఆడపిల్ల. తల్లీ పిల్లా ఇద్దరూ బాగున్నారు. ఇంతసేపూ ఎక్కడున్నావయ్యా" అంది. గురవయ్య ఏడుస్తూ నవ్వాడో, నవ్వుతూ ఏడ్చాడో అతనికే తెలీదు. తవిటయ్యకి మాత్రం ఆశ్చర్యమేమీ కలగలేదు. ఉండాలి అన్నారు, ఉన్నారు.

పిల్లని చేతుల్లో పెట్టి, "పేరేమనుకుంటున్నావు అల్లుడూ?" అంది రత్తమ్మ.

అసిరయ్య గబుక్కున అడ్డమొచ్చాడు. "ఆయన ఏమీ అనుకోకూడదండీ. నాయుడు గారి మాట."

లోపల మంచం మీంచి గురవయ్య భార్య నీరసంగానే నవ్వింది. "అయితే నేననుకున్నాను. సింహాచలం అని పిలుద్దాం" అంది. పేరు అలా కుదిరింది.

రత్తమ్మ అన్నదమ్ములకి అన్నం పెట్టి, పడుకోబెట్టి, తెల్లారాక గుమ్మం దాకా వచ్చి, "వెళ్ళిరండి నాయనా" అంది.

వెళ్ళారు. లింగాలవలస పొలిమేర దాటి, ఇంటి గుమ్మం ముట్టుకుని, మళ్ళీ వచ్చారు. మధ్యాహ్నానికి గుమ్మంలో ఇద్దరూ చెమటలు కక్కుకుంటూ నిలబడ్డారు.

"ఏమైనా మర్చిపోయారా?" అంది రత్తమ్మ.

"లేదండీ. వెళ్ళి రమ్మన్నారు కదా. వెళ్ళాం, వచ్చాం."

మంచి పిల్లలు, దారి తప్పారేమో అనుకుని రత్తమ్మ మళ్ళీ అన్నం పెట్టి, మళ్ళీ గుమ్మం దాకా వచ్చి, అలవాటు కొద్దీ మళ్ళీ "వెళ్ళిరండి" అంది. సాయంత్రానికి మళ్ళీ వచ్చారు. ఇంట్లో బియ్యం బానలో అడుగు కనిపించింది. మూడోరోజుకి రత్తమ్మకి వాళ్ళ అడుగుల చప్పుడు వింటేనే గుండెలు దడదడలాడేవి. గురవయ్యకి ఏమీ చెప్పలేని మొహమాటం. వాళ్ళ నోటిచలవ వల్లే కదా బయటపడ్డాడు. చివరికి రత్తమ్మే తెగించింది. రెండు చేతులూ జోడించి, "బాబూ, మీకు పుణ్యముంటుంది. ఇక రాకండి" అంది.

"సరేనండి. ఇక రాం" అన్నాడు తవిటయ్య. ఆవిడ చెప్పింది ఇద్దరికీ స్పష్టంగా అర్థమైంది.

ఇంటిముందు పోలమ్మ ఎదురుచూస్తోంది. మూడురోజులుగా కొడుకులు గుమ్మం ముట్టుకుని వెనక్కి పోతుంటే ఆవిడ కూడా ఏదో పని మీదే అనుకుని ఊరుకుంది. ఇప్పుడు వాళ్ళు వీధిలోనే ఆగిపోయారు.

"రండిరా, లోపలికి రండి. కాళ్ళు కడుక్కోండి" అంది.

"రాకూడదమ్మా" అన్నాడు తవిటయ్య. "ఇక రావద్దని రత్తమ్మ గారు చేతులు జోడించి చెప్పారు. రామని మాటిచ్చాం."

సీతాలు గుమ్మంలో నిలబడి కళ్ళొత్తుకుంది. మొగుడు పది అడుగుల దూరంలో ఉన్నాడు, ఇంట్లోకి రాలేడు. అసిరయ్యకి కూర వాసన తగులుతోంది. పోలమ్మ అరుగు మీద చతికిలబడింది. ఒక వైపు ఇచ్చిన మాట, ఒక వైపు కన్నపేగు. కొంగుతో ముక్కు తుడుచుకుంటూ చాలాసేపు ఆలోచించింది. ఆలోచించి, లేచింది.

"మీరు రాకూడదు, అంతే కదా. ఇల్లు రాకూడదని ఎవరూ అన్లేదు కదా."

అన్నదమ్ముల మొహాలు వెలిగిపోయాయి. ఇంకేముంది, అత్తాకోడళ్ళు నడుం బిగించారు. తాటాకుల కప్పు, తడికల గోడలు, ఎంతసేపు? ముందు కుండలొచ్చాయి, తర్వాత పొయ్యిరాళ్ళు, తర్వాత నులకమంచం, తర్వాత తడికలు ఒక్కొక్కటిగా. అన్నదమ్ములు వీధి మధ్య కదలకుండా నిలబడితే, వాళ్ళ చుట్టూ నాలుగు వైపులా తడికలు పాతారు. పైన ఆకులు కప్పారు. లోపల పొయ్యి వెలిగించారు. పొద్దుగూకేసరికి ఇల్లు తయారైంది. బళ్ళన్నీ వీధి చివరే ఆగిపోయాయి.

బంగారయ్య పొలం నుంచి వచ్చి చూస్తే, పక్కిల్లు పక్కన లేదు, వీధి మధ్యలో ఉంది. చుట్టూ తిరిగి చూశాడు. మళ్ళీ ఇంకోసారి తిరిగాడు. ఎక్కడా తలుపు లేదు.

"అత్తా, తలుపేది?" అని తడిక మీద కొట్టాడు.

"రావద్దన్న వాళ్ళకి తలుపెందుకయ్యా. రాకుండానే లోపల ఉన్నారు" అంది పోలమ్మ, పులుసు కలుపుతూ.

"మరి పొద్దున్న బయటికి ఎలా వస్తారు?"

లోపల గరిటె చప్పుడు ఆగింది. తర్వాత తవిటయ్య గొంతు, బంగారయ్య తెలివితక్కువకి జాలిపడుతున్నట్టు, నెమ్మదిగా వినిపించింది.

"బయటికి మాత్రం ఎలా వస్తాం బావా. రావద్దన్నారని చెప్తున్నాం కదా."